బెల్లు కొట్టాక మొదలయ్యే బడి

జపాన్‌లో ఒక హైస్కూలు. ఉదయం మొదటి పీరియడు. టీచరు లోపలికి రాగానే ఆ రోజు వంతు పడ్డ విద్యార్థి ‘కిరిత్సు’ అంటాడు. కుర్చీలన్నీ ఒక్కసారే వెనక్కి జరుగుతాయి. ‘రే’ అనగానే అందరి నడుములూ వంగుతాయి. ‘చకుసెకి’ అనగానే అందరూ కూర్చుంటారు. లేవండి, వందనం చేయండి, కూర్చోండి. అంతే. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిగా మన దగ్గర్నుంచి వెళ్లిన పిల్ల మాత్రం అందరూ లేచాక లేస్తుంది, అందరూ వంగి నిటారయ్యాక వంగుతుంది, కూర్చోవచ్చో లేదో తెలియక పక్కబెంచీ వంక చూస్తుంది. పదేళ్లపాటు ప్రార్థనలూ డ్రిల్లులూ చేసిన పిల్లకి ఇందులో తెలియంది ఏముంది? ఏమీ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి పనిలోనూ అర సెకను వెనకబడి ఉండటమే ఆమెకు కొత్త.

ఎందుకంటే ఇలాంటి కార్యక్రమాలకు ఎంపికయ్యేది సాధారణంగా చురుకైన పిల్లలే. ఇక్కడ టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తే రకం. అక్కడ లెక్కల పేపరు చేతికొస్తుంది. వర్గ సమీకరణం కనిపిస్తూనే ఉంటుంది, ఎక్స్ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని సాధించమన్నారా, గ్రాఫు గీయమన్నారా, మూలాల గురించి ఏదైనా నిరూపించమన్నారా అన్నది మాత్రం చుట్టూ ఉన్న కాంజి లిపిలో దాక్కుని ఉంటుంది. జవాబు తెలుసు, ప్రశ్నేమిటో తెలియదు. అప్పటిదాకా తనకున్న ఒకే ఒక గుర్తింపు ‘తెలివైన పిల్ల’ అన్నది. విమానం దిగిన వారంలోనే అది పోతుంది. ఈ కథనంలో చెప్పబోయేది ఆ పోవడం గురించి, అది తిరిగి వచ్చే దారి తరగతి గదిలోంచి కాకుండా ఇంకెక్కడి నుంచో ఉండటం గురించి.

విదేశీ చదువు అనగానే మనకు వీసా క్యూ, కన్సల్టెన్సీ, విద్యారుణం, ఎమ్మెస్ గుర్తొస్తాయి. పదిహేను పదహారేళ్లకే కొన్ని నెలల నుంచి దాదాపు ఏడాది దాకా పరాయి దేశంలో, ముక్కూముఖం తెలియని కుటుంబంతో ఉండి, అక్కడి మామూలు బడికి వెళ్లి రావడమనే ఏర్పాటు తెలుగిళ్లలో అంతగా తెలియదు. అందులో డిగ్రీ లేదు, జీతం లేదు, ర్యాంకు లేదు. కాబట్టి ఎవరూ ప్రకటనలు వేయరు.

ఆ ఏర్పాటు పుట్టిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డ సైనికులను మోసుకెళ్లడానికి కొందరు అమెరికన్ యువకులు స్వచ్ఛందంగా అంబులెన్సులు నడిపారు. ఆ బృందం పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండో యుద్ధంలోనూ వాళ్లు అదే పని చేశారు. యుద్ధం ముగిశాక దాని అధిపతి స్టీఫెన్ గలాటి, ఆయన సహచరులు గాయపడ్డవాళ్లను మోయడం కంటే యుద్ధం రాకుండా చూడటం మేలనుకుని, ఒక దేశపు హైస్కూలు పిల్లల్ని మరో దేశపు ఇళ్లలో ఉంచడం మొదలుపెట్టారు. ఆ సంస్థే ఇప్పటి ఏఎఫ్ఎస్. భారత్‌లోనూ పనిచేస్తోంది. రోటరీ క్లబ్బులు నడిపే కార్యక్రమం ఇంకొకటి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా 2002లో మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ మరొకటి. ఖర్చంతా ఆ దేశమే పెట్టుకునే ఆ పథకంలో భారతీయ విద్యార్థులూ పాల్గొన్నారు. జపాన్ విద్యాశాఖ 2018లో ఆసియా దేశాల పిల్లల కోసం ‘ఆసియా కాకెహషి’ అనే పథకం పెట్టింది. అందులోనూ మన దేశానికి చోటు దక్కింది. ఇన్ని దేశాలున్నా ఇక్కడ జపాన్‌నే ఎంచుకోవడానికి కారణం, తెలుగు పిల్లలకు ఆ భాష ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

ముందు ఇచ్చేది చూద్దాం.

‘రేపు స్నేహితుడితో కలిసి స్టేషనుకి వెళ్తాను’ అనే వాక్యాన్ని ఇంగ్లిషులోకి మార్చాలంటే తలకిందులు చేయాలి. జపనీస్‌లోకి మార్చడానికి మాట తీసి మాట పెడితే చాలు. ‘తో’, ‘కి’ లాంటి ప్రత్యయాలు అక్కడా నామవాచకం వెనకే వచ్చి తగులుకుంటాయి. క్రియ చివర్నే కూర్చుంటుంది. కర్త చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ‘వచ్చిన మనిషి’, ‘వస్తానని చెప్పాడు’, ‘తిని చూడు’ లాంటి కూర్పులు దాదాపు అదే వరసలో అక్కడా ఉన్నాయి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపాన్ పిల్లలు ‘ఇత్తెకిమస్’ అంటారు. అది అచ్చంగా మన ‘వెళ్లొస్తాను’. ఇంగ్లిషులో ఆలోచించి జపనీస్ నేర్చుకునేవాళ్లు నెలల తరబడి తంటాలు పడే చోట తెలుగులో ఆలోచించే పిల్ల నల్లేరు మీద బండిలా సాగిపోతుంది. చిక్కేమిటంటే, ఇంగ్లిషు మీడియం పిల్లలు ఆ సదుపాయం తమకుందని గుర్తించకుండా ఇంగ్లిషు పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు.

ఈ పోలికలు చూసి సుసుము ఓనో అనే జపాన్ భాషావేత్త తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికమే ఉందని చాలాకాలం వాదించారు. తోటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, అక్షరమాల వరస మాత్రం మన దేశపు సరుకే. జపాన్ పిల్లలు ‘అ ఇ ఉ ఎ ఒ’ అయ్యాక ‘క స త న హ మ య ర వ’ అని చదువుతారు. మన క, చ, త, న, ప, మ, య, ర, వ వరసతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. బౌద్ధం వెంట వెళ్లిన సిద్ధం లిపి చదువు నుంచి ఆ క్రమం వచ్చింది. 736లో భారతీయ భిక్షువు బోధిసేనుడు జపాన్ చేరాడు. 752లో నారా నగరపు తోదాయిజీ ఆలయంలో మహా బుద్ధవిగ్రహానికి కన్నులు దిద్దే వేడుక ఆయన చేతుల మీదుగానే జరిగింది. ఆనాటి రాకపోకల జాడ ఈనాటి ఒకటో తరగతి గోడ మీది చార్టులో ఉంది.

ఇక లాక్కునేది. హిరగానా, కటకానా అనే రెండు అక్షరమాలల్లో మూల అక్షరాలు చెరో 46. గుణింతాలూ వత్తులూ నేర్చినవాళ్లకి అది పెద్ద పని కాదు, పట్టుగా కూర్చుంటే రెండు మూడు వారాలు. ఆ తర్వాత కాంజి. రోజువారీ వాడుకకు ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలో 2,136 గుర్తులున్నాయి. వాటిలో 1,026 ప్రాథమిక పాఠశాల దాటేలోపే రావాలి. పైగా ఒక్కో గుర్తును సందర్భాన్ని బట్టి ఒక్కో రకంగా పలకాలి. అంటే పదహారేళ్ల మన పిల్ల నోటీసు బోర్డు ముందు నిలబడితే, చదవడంలో ఆమె కంటే రెండో తరగతి జపాన్ పిల్లాడు మెరుగు. దయగల టీచర్లు పేపర్లో కాంజి పక్కన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ రాసిస్తారు. దాన్ని ఫురిగానా అంటారు. పలకడం వస్తుంది. అర్థం? దానికి వేరే పాట్లు.

అంకెలు చెప్పేటప్పుడు ఇంకో తమాషా. వాళ్లకీ మిలియన్ పట్టదు, మనకీ పట్టదు. కానీ మనం వెయ్యి దాటాక లక్షకి గెంతితే వాళ్లు పదివేల దగ్గర ఆగి దానికొక పేరు పెట్టారు, ‘మాన్’ అని. మన లక్ష వాళ్లకి పది మాన్‌లు. మన కోటి వెయ్యి మాన్‌లు. దుకాణంలో ధర విన్న ప్రతిసారీ తలలో ఒక కూడికల యంత్రం తిరుగుతుంది.

పేరు కూడా చేజారుతుంది. ఇక్కడ ‘కె’ అనో ‘వి’ అనో ఒంటి అక్షరంగా మిగిలిపోయిన ఇంటిపేరు అక్కడ పూర్తి ఆకారంతో నిద్రలేస్తుంది, జపాన్‌లో ముందు వచ్చేదీ పిలిచేదీ ఇంటిపేరే కాబట్టి. అదీ కటకానాలో ఒదగాలి. వాళ్లకు ‘ల’ లేదు, సంయుక్తాక్షరాలు మింగుడుపడవు. లక్ష్మి ‘రకుషుమి’ అవుతుంది. అయితే మనకూ వాళ్లకూ మాట చివర అచ్చు లేకపోతే తోచదు. మనం బస్సు అంటాం, వాళ్లు ‘బసు’ అంటారు. మనం క్లాసు అంటాం, వాళ్లు ‘కురసు’ అంటారు. ఉత్తరాది పిల్లలు తడబడే చోట మన పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఎవరితో ఎలా

అక్షరాల కంటే పెద్ద చిక్కు మర్యాదది. నువ్వు, మీరు తేడాతో పెరిగిన పిల్లకి గౌరవ వాచకాలు అర్థంకాని సంగతి కాదు. కాకపోతే జపనీస్‌లో ఆ తేడా సర్వనామంతో ఆగిపోదు. ఎదుటివాళ్లను గొప్ప చేసే క్రియలు వేరు, తనను తగ్గించుకునే క్రియలు వేరు. టీచరు ‘తినడానికి’ ఒక మాట, నేను ‘తినడానికి’ ఇంకొకటి. అన్నిటికంటే వింత ఏమిటంటే, ‘మీరు’ అనడానికి పుస్తకంలో నేర్పే ‘అనత’ అనే మాటను టీచరుతో అనకూడదు. ‘సెన్‌సేయ్’ అని పిలవాలి, లేదా ఏమీ అనకుండా వాక్యం నడపాలి. ఒక్క ఏడాది పెద్దవాళ్లయినా ‘సెంపాయ్’. క్లబ్బులో వాళ్ల ముందు వాడే భాష, తోటివాళ్లతో వాడే భాష ఒకటి కావు.

అనిమే చూసి జపనీస్ వచ్చేసిందనుకుని వెళ్లే పిల్లలు ఇక్కడే బోర్లా పడతారు. ఆ కార్టూన్ వీరులు తమను ‘ఒరె’ అనీ ఎదుటివాణ్ని ‘ఒమయె’ అనీ అంటుంటారు. ఆ భాషతో స్టాఫ్ రూములోకి వెళ్లడమంటే మాస్ సినిమా డైలాగులతో తెలుగు నేర్చుకున్న విదేశీ కుర్రాడు హెడ్మాస్టరు గారిని ‘ఏరా’ అని పలకరించడం లాంటిది. ఇక ఉంటున్న ఊరు ఒసాకా వైపైతే పుస్తకంలోని ‘దమే’ వినపడదు. ‘కూడదు’ అనడానికి అందరూ ‘అకన్’ అంటారు. కోస్తా పాఠ్యపుస్తకం చదివి వరంగల్ బజారులో దిగిన అనుభవం ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ నేర్పాల్సింది తరగతి గది కదా అనిపిస్తుంది. నేర్పదు. కెనడాలోని వలస కుటుంబాల పిల్లలను గమనించి జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త ఒక సంగతి తేల్చారు. ఆటస్థలంలో మాట్లాడుకునే భాష దాదాపు రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠాలు అర్థం చేసుకుని పరీక్ష రాసే భాషకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థికి ఉన్నది మహా అయితే ఒక్క ఏడాది. చరిత్ర పీరియడులో తెల్లమొహం వేయడం ఆమె మొద్దుతనం కానే కాదు, లెక్క ప్రకారం అంతే. వెయ్యేళ్ల నాటి ప్రాచీన జపనీస్ సాహిత్యం చెప్పే పీరియడులోనైతే జపాన్ పిల్లలే దిక్కులు చూస్తుంటారు. మన పిల్ల ఆ గంటలో నోటుపుస్తకం నిండా కాంజి దిద్దుకుంటుంది. చాలా బడుల్లో ఆమెను మార్కుల కోసం ఒత్తిడి చేయరు కూడా. ర్యాంకుల్లో పెరిగిన పిల్లకు ఈ వెసులుబాటు మొదట్లో అవమానంగా ఉంటుంది. తనను లెక్కలోకి తీసుకోవడం లేదనుకుంటుంది.

ఒక్క పీరియడులో మాత్రం ఆమె మహారాణి. ఇంగ్లిషు. టీచరు లేపి చదవమంటారు, అందరూ ‘ఓ’ అంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురు చేరి తమకొచ్చిన ఇంగ్లిషు వాక్యాలు ఆమె మీద ప్రయోగిస్తారు. ఎంత హాయి! నా మటుకు ఇదే అసలు ఉచ్చు. ఇంగ్లిషు వచ్చిన పిల్లగా పేరు పడిపోతే ఏడాది గిర్రున తిరిగిపోతుంది, జపనీస్ రాదు. ఇంగ్లిషు మాట్లాడాలన్న సరదా తీరాక ఆ నలుగురూ రారు కూడా. మొదటి వారం బెంచీ చుట్టూ మూగిన పిల్లలు రెండో వారానికల్లా పలచబడతారు. ఇష్టం లేక కాదు. మొహమాటం కొంత, వాళ్ల పనులు వాళ్లకుండటం కొంత. ఒంటరితనం మొదలయ్యేది విమానాశ్రయంలో కాదు, అదిగో అప్పుడు.

చీపురు, బంతి

పాఠాలు మూడు, మూడున్నరకి అయిపోతాయి. మన కార్పొరేట్ కాలేజీలో అయితే బెల్లు తర్వాత స్టడీ అవర్, దాని తర్వాత నైట్ స్టడీ. అక్కడ బెల్లు తర్వాత చీపుర్లు తీస్తారు. బల్లలు ఒక పక్కకు నెట్టి, గది ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, నల్లబల్ల కడిగి, బల్లలు మళ్లీ సర్దుతారు. వంతుల వారీగా మెట్లు, వరండాలు, చాలా బడుల్లో మరుగుదొడ్లు కూడా. పావుగంట పని. బయటి చెప్పులు గుమ్మం దగ్గరి అరల్లో పెట్టి లోపల ‘ఉవబాకి’ అనే మెత్తటి బూట్లతోనే తిరుగుతారు కనుక గచ్చు మరీ మురికిగా ఉండదు.

మన పిల్ల జీవితంలో ఇది ఎంత పెద్ద కుదుపో అక్కడివాళ్లకు తెలియదు. మన దగ్గర బడిపిల్లలు మరుగుదొడ్డి కడుగుతున్న ఫొటో బయటికొస్తే అది గొడవ. కావలసిందే కూడా. ఎందుకంటే మన బడుల్లో చీపురు ఎవరి చేతికి ఇచ్చారన్నది ఎప్పుడూ ఊరికే జరిగిన పని కాదు, కులం చూసి ఇచ్చిన చరిత్ర దానికుంది. అందరూ ఊడ్చే చోట ఊడవడం, కొందరిచేతే ఊడ్పించే చోట ఊడవడం ఒకటి కావు. ఇంట్లో ఎంగిలి కంచం తీయని పిల్లాడు అక్కడ డాక్టరు కొడుకు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని గచ్చు తుడుస్తాడు. ఆ పావుగంటలోనే అతనికి మొదటి ఉపయోగకరమైన జపనీస్ వస్తుంది. ‘ఆ బకెట్ ఇలా ఇవ్వు’, ‘జరుగు’, ‘ఇక్కడ అయిపోయింది’, ‘జాగ్రత్త, తడిగా ఉంది’. చేతిలో పని ఉన్నప్పుడు భాషకు భయం ఉండదు. తప్పు మాట్లాడినా బకెట్ చేతికొస్తుంది.

తర్వాత క్లబ్బు. వాళ్లు ‘బుకత్సు’ అంటారు. కెందో, విలువిద్య, టెన్నిస్, బ్యాండు, తేనీటి మర్యాద, కుంచెతో అక్షరాలు రాసే విద్య. ఏదో సరదాకి చేసే హాబీ అనుకుంటే పొరపాటు. రోజూ ఉంటుంది, చాలా క్లబ్బులకు సెలవుల్లోనూ ఉంటుంది. 1915లో మొదలైన హైస్కూళ్ల బేస్‌బాల్ పోటీలు ఇప్పటికీ ప్రతి వేసవిలో కోషియెన్ స్టేడియంలో జరుగుతుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. అలాంటి చోట కొత్తగా చేరినవాళ్లు మొదట చేసేది బంతులు ఏరడం, సామాను మోయడం, సెంపాయ్‌లకు వంగి నమస్కరించడం. ఇక్కడ జిల్లా స్థాయిలో ఆడిన పిల్లాడికి ఒళ్లు మండుతుంది. నన్నడిగితే ఈ అంతస్తుల పద్ధతి పూర్తిగా మెచ్చుకోవలసిందేమీ కాదు. సెంపాయ్‌ల దాష్టీకం గురించి జపాన్ పత్రికలే రాస్తుంటాయి. కాని బయటి పిల్లకు అది ఒక మేలు చేస్తుంది. తరగతి గదిలో ఆమె అతిథి. క్లబ్బులో అందరికంటే చిన్న సభ్యురాలు. అతిథికి ఎవరూ ఏమీ నేర్పరు. చిన్న సభ్యురాలికి అందరూ నేర్పుతారు, కసురుతారు, పొరపాటు చేస్తే మళ్లీ చేయిస్తారు. సాయంత్రం ఆరింటికి చెమటతో స్టేషన్ దాకా కలిసి నడిచేటప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి.

మొదటి రెండు మూడు నెలలు ఆ నడకలో ఆమె మాట్లాడేది తక్కువ. భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ ఈ మౌన దశ గురించి రాశారు. నోరు పెగలకపోయినా లోపల భాష పోగవుతూనే ఉంటుందని ఆయన మాట. పైగా ఈ మౌనానికి జపనీస్ సంభాషణలో ఒక గౌరవమైన చోటు కూడా ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య ‘హాయ్’, ‘ఊన్’, ‘సో దెస్ నే’ అంటూ ఉండాలి. అలా అనకపోతే వినడం లేదనుకుంటారు. కథ చెబుతూ ‘ఊఁ కొట్టు’ అని మన అమ్మమ్మలు అడిగేది ఇదే. అమ్మమ్మ దగ్గర ఊఁ కొట్టిన అలవాటున్న పిల్ల, మాటలు రాకుండానే సంభాషణలో భాగస్తురాలైపోతుంది. ‘కుదరదు’ అని మొహాన చెప్పకపోవడం కూడా మనకు తెలిసిన విద్యే. వాళ్లు ‘చోత్తో...’ అని సాగదీసి ఆపేస్తారు. మనం ‘చూద్దాంలే’ అంటాం. ఈ సూచన అందక అమెరికన్ పిల్లలు పడే ఇబ్బంది మన పిల్లలకు లేదు.

ఇల్లు

ఆతిథ్యమిచ్చే కుటుంబాలకు ఏఎఫ్ఎస్ లాంటి కార్యక్రమాల్లో డబ్బు ఇవ్వరు. అద్దెకున్నట్టు కాదు, ఇంటి పిల్లలాగే ఉండాలి. కంచం కడగాలి, చెప్పిన వేళకు రావాలి. ఇంటావిడను ‘ఒకాసాన్’ అని, అమ్మా అని పిలవాలి. ఆ పిలుపు కొందరికి మొదటి రోజే వస్తుంది, కొందరికి గొంతులో అడ్డం పడుతుంది. స్నానాల గది ఇంకో పరీక్ష. బయట శుభ్రంగా ఒళ్లు తోముకుని, కడుక్కుని, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టిలో దిగాలి. ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. తొట్టిలోనే సబ్బు రుద్దుకున్నా, స్నానం కాగానే బిరడా తీసి నీళ్లు వదిలేసినా ఆ రాత్రికి మిగతావాళ్ల స్నానం ఖరాబే.

తిండి గురించి ఒక్క మాట, శాకాహార కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి కనుక. పప్పు లేదు, తాలింపు లేదు, అది ఎలాగో సర్దుకుంటుంది. సర్దుకోనిది ‘దాషి’. ఎండు చేప తురుముతోనో సముద్రపు నాచుతోనో తీసే ఆ రసం చారులోనూ, కూరలోనూ, నూడుల్స్‌లోనూ ఉంటుంది. ‘చేప ముక్కలేమీ లేవు, కూరగాయలే’ అని ఇంటావిడ నిజాయితీగానే చెబుతుంది. ఆమె దృష్టిలో దాషి చేప కాదు. దరఖాస్తులో ‘శాకాహారి’ అని రాస్తే సరిపోదు. ఏది ఎంతవరకు తినగలరో పిల్లలు ముందే తేల్చుకుని వివరంగా రాయాలి. రోజూ తెల్లవారుజామున లేచి బెంతో అనే మధ్యాహ్న భోజనం డబ్బా కట్టే మనిషికి మనం చేయగలిగిన మర్యాద అది.

అన్నిటినీ మించిన సవాలు జేబులో ఉంటుంది. ఒకప్పుడు వెళ్లిన పిల్లలకు నెలకో ఉత్తరం వచ్చేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదికల్లా వీడియో కాల్. అమ్మ, నాన్న, నానమ్మ, పక్కింటివాళ్లు. పిల్ల ఒళ్లు జపాన్‌లో, మనసు నరసరావుపేటలో. కింద భోజనాల గదిలో ఒకాసాన్ టీవీ చూస్తూ, కాసేపు మాట్లాడదామని ఎదురుచూసి పడుకుంటుంది. అనువాదం చేసే యాప్‌ల సంగతీ అంతే. బడి నుంచి వచ్చిన నోటీసు చదవడానికి అవి వరమే, తోటిపిల్లతో మాట్లాడటానికి వాడితే ఇద్దరూ తెరనే చూస్తారు. వారానికి ఒక్క కాల్ చాలని చెబితే మన తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. అయినా చెప్పాలి.

సర్దుకుపోవడానికి ఎంతకాలం పడుతుంది? నార్వే పరిశోధకుడు స్వెర్రె లీస్‌గార్డ్ 1955లో, అమెరికా వెళ్లొచ్చిన తన దేశపు స్కాలర్లను అడిగి ఒక గీత గీశారు. మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, చివరికి తేరుకోవడం. తర్వాత వచ్చిన కొందరు పరిశోధకులు ఇంటికొచ్చాక మళ్లీ ఒక పల్లం ఉంటుందని కలిపారు. నాలుగు దశాబ్దాల పాటు ఈ గీత ప్రతి ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమపు శిక్షణలోనూ వేదవాక్యం. 1998లో కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజీలాండ్ వెళ్లిన జపాన్ విద్యార్థులను దిగిన రోజు నుంచీ గమనించి, అన్నిటికంటే కష్టం తొలినాళ్లలోనే ఉందని, మొదటి ఉత్సాహం అనేది కనిపించలేదని చెప్పారు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది. విమానాశ్రయంలో నవ్వుతూ దిగిన ఫొటోలు అందరికీ ఉంటాయి. ఆ రాత్రి ఎలా గడిచిందో ఫొటోలో ఉండదు.

కాస్త ఊపిరాడేది సాధారణంగా శరదృతువులో, బడి పండగ ‘బుంకసాయ్’ నాటికి. తరగతులన్నీ పుస్తకాలు పక్కన పెట్టి దయ్యాల ఇల్లో, టీ దుకాణమో, నాటకమో తయారుచేస్తాయి. అట్టముక్కలు కోయడానికి, రంగులు వేయడానికి అందరి చేతులూ కావాలి. మన పిల్లకి ఈ మధ్య ఇంకో సౌకర్యం దొరికింది. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ ‘ముత్తు’ అనే తమిళ సినిమా పేరిట చాలాకాలంగా ఉన్న వసూళ్ల రికార్డును దాటేసింది. అందరూ స్త్రీలే నటించే తకరజుకా నాటక బృందం 2024 జనవరిలో దాన్ని రంగస్థలానికి ఎక్కించింది. రామ్, భీమ్ పాత్రలూ స్త్రీలే వేశారు. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చావంటే ఇండియా అని చెప్పి ఊరుకునే పిల్ల, ‘నాటు నాటు’ ఏ భాష పాటో అని అడిగినవాళ్లకి మాత్రం ఛాతీ విరుచుకుని తెలుగు అంటుంది. అడుగులు నేర్పమంటారు. వేదిక మీద కాసేపు అందరూ ఆమె కంటే అర సెకను వెనక ఉంటారు.

ఇంత చెప్పాక మన తల్లిదండ్రులు అడిగేది ఒకటే ప్రశ్న. ఏడాది పోతుంది కదా? పోతుంది. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే మనది ఎక్కువగా జూన్‌లో. అక్కడి హాజరు ఇక్కడ ఎలా లెక్కకొస్తుందన్నది బోర్డుని, కాలేజీని బట్టి మారుతుంది. వెళ్లకముందే కాగితం మీద రాయించుకోవాలి. ఇంటర్ రెండేళ్ల మధ్యలో వెళితే జేఈఈ, నీట్, ఎప్‌సెట్ తయారీ రెండు ముక్కలవుతుంది. పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లడం కొంత నయం. అమెరికా ఎక్స్‌ఛేంజ్ వీసాకైతే వయసు పదిహేను నుంచి పద్దెనిమిదిన్నర లోపు ఉండాలి. జపాన్ పిల్లలకూ ఈ భయం లేకపోలేదు. వాళ్లకూ జనవరిలో ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది, అక్కడి తల్లిదండ్రులకూ గుండె దడ ఉంది. ఒక్క ఏడాదిని నష్టం ఖాతాలో రాసేముందు అదే పిల్లలు లాంగ్ టర్మ్ కోచింగుల్లో ఎన్ని ఏడాదులు పోగొట్టుకుంటున్నారో కూడా లెక్కేయాలని మాత్రం నేనంటాను. ఆ ఏడాదులను మనం నష్టం అనం, పెట్టుబడి అంటాం.

తిరిగొచ్చిన పిల్లలకు ఇక్కడా ఒక పల్లం ఎదురవుతుంది. ఫోన్‌లో మాట్లాడుతూ ఎవరూ లేకపోయినా వంగి నమస్కరిస్తారు. ఎవరైనా మాట్లాడుతుంటే ‘హాయ్, హాయ్’ అంటారు. అన్నం ముందు కూర్చుని చేతులు జోడించి ‘ఇతదకిమస్’ అంటారు. కాలేజీలో తరగతి అయ్యాక గది ఊడ్చేదెవరో, ఆమె పేరేమిటో ఇంతకుముందు తమకెందుకు తెలియలేదో అర్థంకాక కాసేపు తికమకపడతారు. ఇంటికి వచ్చిన చుట్టాలు ముందుగా జపనీస్‌లో ఏదైనా మాట్లాడమంటారు. పిల్ల సిగ్గుపడుతూ ఒక వాక్యం చెబుతుంది. అచ్చం జపాన్‌దానిలాగే ఉందని అందరూ నవ్వుతారు. అర్థమేమిటని పిన్ని అడుగుతుంది. ఈలోపు బాబాయి గొంతు సవరించుకుని, ‘అదంతా సరేనమ్మా, ఎంపీసీలో చేరుతున్నావా, బైపీసీనా?’ అంటాడు.